రెండు రాష్ట్రాల మధ్య సాగే వ్యాపారానికి అనుసంధాన సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వర్తకులు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: "దుకాణంలో బిల్లింగు ఒకటి, ఆఫీసులో లెక్కలకు ట్యాలీ ఒకటి, ఆన్‌లైన్ ఆర్డర్లు ఇంకొకటి, సరుకు రవాణాకు ఈ-వే బిల్లు పోర్టల్ మరొకటి. ఒకే బిల్లును నాలుగుచోట్ల కొట్టలేక గుమస్తాలు అలసిపోతున్నారు. వీటన్నిటినీ కలిపే సాఫ్ట్‌వేర్ ఏది కొనమంటారు?" ప్రతిసారీ విడివిడిగా జవాబు చెప్పే బదులు, పద్ధతి మొత్తాన్ని ఒకచోట రాసిపెడుతున్నాను.

ఒక విషయం మొదటే చెప్పాలి. అమ్మకానికి వచ్చినవారు చూపించే డెమోలో ప్రతి సాఫ్ట్‌వేరూ చక్కగానే పనిచేస్తుంది. కరెంటు పోయినప్పుడు, నెట్ తెగినప్పుడు, ఒకే ఆర్డరు రెండుసార్లు వచ్చినప్పుడు, పోర్టల్ బిల్లును తిప్పికొట్టినప్పుడు అది ఏం చేస్తుందో చూడకుండా కొనవద్దు. కింది మెట్లలో ఎక్కువ భాగం దానిని ఎలా చూడాలో చెప్పడానికే.

కావలసినవి

గత మూడు నెలల అమ్మకం బిల్లుల జాబితా. పార్టీల జాబితా, సరుకుల జాబితా. మీ జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ల వివరాలు, అంటే ఒడిశాలో ఒకటి, ఆంధ్రాలో ఒకటి ఉంటే రెండూ. ప్రస్తుతం వాడుతున్న ప్రతి సాఫ్ట్‌వేర్ పేరు, దాని వెర్షన్. మీ ఆడిటరు సమయం ఒక పూట. రోజూ బిల్లులు కొట్టే గుమస్తా సమయం రెండు పూటలు. ఈ చివరిదానిని యజమానులు తేలికగా తీసుకుంటారు. బిల్లు ఎక్కడ ఆగుతుందో, ఏ పార్టీకి ఏ మినహాయింపు ఉందో గుమస్తాకు తెలిసినంతగా యజమానికి తెలియదు కనుక, ఆయన లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

1. అసలు కొనాలా వద్దా తేల్చుకోండి

మీరు ట్యాలీప్రైమ్ వాడుతూ, అమ్మకం బిల్లులన్నీ అందులోనే చేస్తూ, మీ ఇబ్బంది ఈ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే బిల్లు), ఈ-వే బిల్లుల వరకే అయితే, వేరే సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. ఆ రెండింటినీ ట్యాలీప్రైమ్ నుంచే నేరుగా తీసుకోవచ్చు. ఈ సదుపాయం తమ దగ్గర ఇప్పటికే ఉందని తెలియక ఏడాది చందా కట్టినవారిని నేను చూశాను.

ఈ-ఇన్వాయిస్ మీకు వర్తిస్తుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల రూపాయలు దాటిన టర్నోవరు ఉన్నవారికి, రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులకు ఇచ్చే బిల్లుల విషయంలో ఇది తప్పనిసరి. ఈ లెక్కను పాన్ నంబరు మీద వేస్తారు. బరంపురం దుకాణానికి 3 కోట్లు, ఆంధ్రాలోని ఇచ్ఛాపురం గోదాముకు రెండున్నర కోట్లు ఉండి రెండూ ఒకే పాన్ కింద ఉంటే మీరు పరిమితి దాటినట్లే. పైగా 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలో దాటినా చాలు. ఈ ఏడాది వ్యాపారం తగ్గిందన్న కారణంతో మినహాయింపు రాదు.

నేను పాటించే కొలత ఇది: ఒకచోట కొట్టినదానినే మరొకచోట కొట్టడానికి మొత్తం మీద రోజుకు గంటలోపే పడుతూ, తప్పులు కూడా పెద్దగా రాకపోతే, కొనకుండా మరో ఏడాది ఆగండి.

2. ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో రాయండి

ఒక తెల్లకాగితం మీద మీ సాఫ్ట్‌వేర్లన్నిటికీ తలా ఒక గడి గీసి, వాటి మధ్య బాణాలు వేయండి. ప్రతి బాణం పక్కన మూడు విషయాలు రాయండి: ఏ పత్రం వెళ్తుంది, రోజుకు సుమారు ఎన్ని వెళ్తాయి, ఎంత ఆలస్యమైతే నష్టం. ఆన్‌లైన్ ఆర్డరు పది నిమిషాల్లో దుకాణానికి చేరకపోతే, లేని సరుకును అమ్మినట్లవుతుంది. బ్యాంకు స్టేట్‌మెంటు మర్నాటి ఉదయానికి చేరినా ఫరవాలేదు. ఈ తేడా రాసుకోనివారికి అమ్మేవారు అన్నిటికీ "అప్పటికప్పుడే" చేరే పథకాన్ని అంటగడతారు, దాని ధర ఎక్కువ.

తిరుగు బాణాలు మరచిపోవడం అందరూ చేసే పొరపాటు. బిల్లు పోర్టల్‌కు వెళ్లడంతో పని ముగియదు. అక్కడి నుంచి వచ్చే 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (బిల్లుకు పోర్టల్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), సంతకంతో కూడిన క్యూఆర్ కోడ్ వెనక్కి వచ్చి మీ బిల్లులో కూర్చోవాలి, ఆ క్యూఆర్ బిల్లు మీద అచ్చు కావాలి. ఈ-వే బిల్లు నంబరు లారీ డ్రైవరు చేతికి చేరాలి. రద్దు చేసిన బిల్లు కబురు అన్ని గడులకూ వెళ్లాలి. రద్దు బాణం లేని అమరిక వల్ల ట్యాలీలో తీసేసిన బిల్లు ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకంగానే ఉండిపోయి, సరుకు నిల్వ ఎన్నడూ కలవదు.

3. జాబితాలను ముందుగా శుభ్రం చేయండి

ఇది విసుగు పుట్టించే మెట్టు. దీనిని దాటవేసినవారి అమరికలే ఎక్కువగా చెడిపోయాయి కనుక కాస్త ఓపికగా చదవండి.

మన ప్రాంతంలో ఊరి పేరును నమ్మి ఏ రెండు పద్దులనూ కలపకూడదు. బరంపురాన్ని ఒకరు బెర్హంపూర్ అని, మరొకరు బ్రహ్మపూర్ అని రాస్తారు. పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలోనూ దాదాపు అదే స్పెల్లింగుతో ఇంకొక ఊరు ఉంది. కొరాపుట్ జిల్లా జయపురం కోసం కట్టిన పార్శిల్ పేరు పోలిక వల్ల రాజస్థాన్ జైపూర్‌కు బుక్ కావడం ట్రాన్స్‌పోర్టువారికి కొత్త కాదు. అందువల్ల పార్టీని జీఎస్‌టీ నంబరుతోనూ, చేరవలసిన చోటును పిన్‌కోడుతోనూ గుర్తించే సాఫ్ట్‌వేర్ కావాలి. బరంపురానికి 760001, జయపురానికి 764001, ఇచ్ఛాపురానికి 532312 అని ఉంటే పేరు ఎలా రాసినా సరుకు దారి తప్పదు.

రాష్ట్రం పేరు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2011లో ఒరిస్సా పేరు ఒడిశాగా మారింది. పాత పార్టీల జాబితాల్లో నేటికీ ఒరిస్సా అనే ఉంటుంది. జీఎస్‌టీలో ఒడిశా కోడ్ 21, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37, తెలంగాణ 36, ఛత్తీస్‌గఢ్ 22. కొన్ని పాత పట్టికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 28 ఇంకా కనిపిస్తుంది. మీరు చూస్తున్న సాఫ్ట్‌వేర్‌లో ఆంధ్రప్రదేశ్ రెండుసార్లు కనిపిస్తే, పాతదాన్ని ఎంచుకోకుండా మూయించండి.

జీఎస్‌టీ నంబరును ఇలా సరిచూడండి: మొత్తం 15 అక్షరాలు ఉండాలి, మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తరువాతి పది అక్షరాలు పాన్, చివరిది సరిచూపు అక్షరం. ఒకే యజమానికి రెండు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ ఉంటే పాన్ భాగం ఒకటే అయినా నంబర్లు వేరు. పాన్‌ను చూసి ఆ రెంటినీ ఒకే పార్టీగా కలిపేసే సాఫ్ట్‌వేర్ మన సరిహద్దు వ్యాపారానికి పనికిరాదు.

సరుకుల జాబితాలో ముప్పు సున్నాతో వస్తుంది. జీడిపప్పు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకును వర్గీకరించే సంఖ్య) 0801తోనూ, కాఫీది 0901తోనూ, పసుపుది 0910తోనూ మొదలవుతాయి. గంజాం జీడిపప్పు, కొరాపుట్ కాఫీ, కంధమాళ్ పసుపు అమ్మే మన వర్తకుల ప్రధాన సరుకులన్నీ సున్నాతోనే మొదలవుతున్నాయన్నమాట. ఈ జాబితాను ఎక్సెల్‌లో మామూలుగా తెరిచి దాచిన మరుక్షణం 0801 కాస్తా 801 అయిపోతుంది. ఆరంకెల కోడ్ అయిదంకెలు అవుతుంది. పోర్టల్ దానిని తిప్పికొడుతుంది. కోడ్ ఉన్న వరుసను ముందుగా టెక్స్టుగా మార్చి ఆ తరువాతే ఎక్కించండి. పన్నెండంకెల ఈ-వే బిల్లు నంబర్లు కుదించిన రూపంలో కనిపించడానికీ, తేదీల్లో నెలా రోజూ తారుమారు కావడానికీ కూడా కారణం ఎక్సెలే. ఏప్రిల్ 5, మే 4 తేదీల బిల్లులను రెంటినీ ఎక్కించి చూస్తే తేదీ తప్పు వెంటనే బయటపడుతుంది.

ఒడియాలో, తెలుగులో రాసిన పేర్లు ఉంటే వాటినీ పరీక్షలో చేర్చండి. ఫైలును అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచకపోతే అక్షరాలు చెదిరి ప్రశ్నార్థకాలు వస్తాయి. ఖాతాదారులకు వెళ్లే ఎస్ఎంఎస్ సంగతి కూడా ఇక్కడే చూసుకోండి: ఇంగ్లీషు సందేశంలో 160 అక్షరాలు పడితే, తెలుగు, ఒడియా సందేశాల్లో 70 మాత్రమే పడతాయి, అది దాటితే రెండు సందేశాల ఖర్చు. ఇచ్ఛాపురం, సోంపేట ఖాతాదారులకు తెలుగులో, ఛత్రపురం, అస్కా వారికి ఒడియాలో పంపదలిస్తే రెంటి నమూనాలనూ డీఎల్‌టీలో (టెలికాం సంస్థల సందేశాల నమోదు వ్యవస్థలో) ముందే నమోదు చేయించాలి.

4. మీకు సరిపోయే రకాన్ని ఎంచుకోండి

మార్కెట్లో ఉన్నవాటిని నాలుగు రకాలుగా చూడవచ్చు.

మొదటిది, మీ బిల్లింగు సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చే కనెక్టరు, అంటే దాన్ని మరో సాఫ్ట్‌వేర్‌తో కలిపే భాగం. రెండే గడుల మధ్య ఒకటి రెండు బాణాలు ఉంటే ఇదే చవక, ఇదే మేలు.

రెండవది, నెలవారీ చందాతో ఇంటర్నెట్ మీద నడిచే జోహో ఫ్లో, జాపియర్, మేక్, పవర్ ఆటోమేట్ వంటివి. ప్రోగ్రామరు లేకుండానే చాలా పనులు అమర్చుకోవచ్చు. ఆన్‌లైన్ ఆర్డర్లు, మెయిళ్లు, షీట్ల మధ్య పనికి ఇవి చక్కగా సరిపోతాయి. అయితే మీ ట్యాలీ దుకాణం కంప్యూటరులోనే ఉంటుంది. బయటి సేవ దాన్ని నేరుగా అందుకోలేదు. మధ్యలో మీ కంప్యూటరు మీద నడిచే చిన్న ఏజెంటు ప్రోగ్రాము కావాలి, ట్యాలీ తెరిచి ఉండాలి, సంబంధిత కంపెనీ అందులో లోడై ఉండాలి. రాత్రి కంప్యూటరు ఆపి ఇంటికి వెళ్తే బిల్లులు ఉదయం దాకా ఆగుతాయి.

హెచ్చరిక: ట్యాలీ ఇతర ప్రోగ్రాములతో మామూలుగా 9000 పోర్టు మీద మాట్లాడుతుంది. "రౌటరులో ఆ పోర్టు తెరిచేస్తే చాలు, ఏజెంటు అక్కరలేదు" అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అలా చేస్తే మీ పద్దుల పుస్తకాన్ని నడిరోడ్డు మీద తెరిచి పెట్టినట్లే.

మూడవది, మ్యూల్‌సాఫ్ట్, బూమి, ఎస్ఏపీ ఇంటిగ్రేషన్ సూట్ వంటి పెద్ద వేదికలు. డజన్ల కొద్దీ వ్యవస్థలు, సొంత ఐటీ విభాగం ఉన్న పరిశ్రమల కోసం ఇవి తయారయ్యాయి. రాయగడ చుట్టుపక్కల పెద్ద కర్మాగారాలకు సరుకు సరఫరా చేసే చిన్న సంస్థలు, "వారు వాడుతున్నారు కనుక మనకూ అదే కావాలి" అనుకోనక్కరలేదు. వారి వ్యవస్థకు మీ బిల్లును ఏ రూపంలో పంపాలో అడిగి తెలుసుకుంటే చాలు.

నాలుగవది, మీ సర్వరు మీదే నడుపుకొనే అపాచీ క్యామెల్, ఎన్8ఎన్ వంటివి. లైసెన్సు ఖర్చు తక్కువ. చూసుకునే మనిషి ఖర్చు ఎక్కువ. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే ఎవరు చూస్తారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఈ దారి వద్దు. ఉచిత కూర్పు ఎప్పటికీ ఉంటుందన్న భరోసా కూడా పెట్టుకోకండి: చాలామంది వాడిన టాలెండ్ ఓపెన్ స్టూడియోను 2024 జనవరి 31తో ఆపివేశారు. ఎన్8ఎన్ విషయంలో లైసెన్సు షరతులు చదవండి. మీ సొంత పనికి వాడుకోవడం వేరు, ఇతరులకు సేవగా అమ్మడం వేరు.

5. సరిహద్దు ప్రశ్నలు అడగండి

అమ్మేవారు చాలామంది ఒకే రాష్ట్రంలో నడిచే దుకాణాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు. మీరు ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఒకటి: బరంపురం దుకాణం నుంచి ఇచ్ఛాపురంలోని మీ సొంత గోదాముకు సరుకు పంపితే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లను చట్టం వేరువేరు వ్యక్తులుగా చూస్తుంది. కాబట్టి అది కేవలం నిల్వ మార్పిడి అవదు. ఐజీఎస్‌టీతో (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు పడే పన్నుతో) బిల్లు కావాలి, అవతలి పక్క కొనుగోలుగా ఎక్కాలి. "గోదాము నుంచి గోదాముకు" అన్న ఒక్క మీటతో సరుకును అటు జరిపేసి ఊరుకునే సాఫ్ట్‌వేర్‌ను వాడితే ఏడాది చివర పన్నూ, వడ్డీ కలిసి వస్తాయి.

రెండు: సరఫరా స్థలాన్ని, అంటే పన్ను లెక్కకు సరుకు ఏ రాష్ట్రానికి అమ్మినట్లో దాన్ని, అది ఎక్కడి నుంచి తీసుకుంటుంది? బిల్లు ఒకరి పేర, సరుకు మరొకరి చిరునామాకు వెళ్లే అమ్మకాల్లో పిన్‌కోడును చూసి రాష్ట్రాన్ని ఊహించే సాఫ్ట్‌వేర్ సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ (రాష్ట్రం లోపలి అమ్మకాలకు పడే రెండు పన్నులు) వేయవలసిన చోట ఐజీఎస్‌టీ వేస్తుంది, లేదా దానికి విరుద్ధంగా చేస్తుంది. బిల్లులో సరఫరా స్థలం అనే గడి విడిగా ఉండాలి, అనుసంధానం దానినే చదవాలి. సరిహద్దు అవతలి నుంచి వచ్చి మీ కౌంటరులో సరుకు తీసుకువెళ్లేవారి విషయంలో ఏ పన్ను వేయాలో మీ ఆడిటరు చేత రాయించుకుని, ఆ నియమాన్నే అమర్చమనండి. సాఫ్ట్‌వేర్ అమ్మేవారి చేత పన్ను నిర్ణయం చేయించకూడదు.

మూడు: ఈ-వే బిల్లులో వాహనం వివరాలు ఎప్పుడు అడుగుతుంది? రాష్ట్రం లోపల, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వరకు 50 కిలోమీటర్లలోపు తీసుకువెళ్లే సరుకుకు వాహనం వివరాలున్న రెండవ భాగం నింపకపోయినా చెల్లుతుంది. ఇచ్ఛాపురం గంట కూడా పట్టని దూరమే అయినా, అది వేరే రాష్ట్రం కనుక ఈ సడలింపు వర్తించదు. దూరం ఒక్కదాన్నే చూసి ఆ భాగాన్ని వదిలేసే అమరికతో లారీ బయలుదేరితే, చెకింగులో ఆగిపోయేది మీ సరుకే. 50,000 రూపాయలు దాటిన అంతర్రాష్ట్ర సరుకుకు ఈ-వే బిల్లు ఉండాలన్నదీ, మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుందన్నదీ మీకు తెలిసినవే; గడువు ముగియబోతున్నప్పుడు సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుందో లేదో అడగండి.

6. మీ బిల్లులతోనే పరీక్షించండి

కొన్నేళ్ల కిందట ఒక టోకు దుకాణానికి డెమో చూసి నేనే ఒక సాఫ్ట్‌వేర్‌ను సిఫారసు చేశాను. మొదటి వారంలోనే మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. వెళ్లిందో లేదో తెలియని బిల్లులన్నిటినీ ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ పంపింది, ట్యాలీ వాటన్నిటినీ కొత్త బిల్లులుగా తీసుకుంది. వాటిని ఏరివేయడానికి ఆ దుకాణం గుమస్తా, నేను రెండు రాత్రులు కూర్చున్నాం. ఆ తప్పు నాది; అడగవలసిన పరీక్షను నేను అడగలేదు. అప్పటి నుంచి కింది పరీక్షలు చేయకుండా ఏదీ సిఫారసు చేయడం లేదు.

ముందు జాగ్రత్త: పరీక్షలను అసలు పోర్టల్ మీద చేయకండి, పరీక్షల కోసమే విడిగా ఉండే పోర్టల్ (శాండ్‌బాక్స్) మీద చేయించండి. పొరపాటున అసలు ఐఆర్‌ఎన్ వచ్చేస్తే 24 గంటల్లోగా రద్దు చేయవచ్చు గాని, ఆ బిల్లు నంబరుతో మళ్లీ ఐఆర్‌ఎన్ రాదు. ట్యాలీలోనూ పరీక్ష కోసం వేరే కంపెనీ తెరవండి.

అ) బిల్లు వెళ్తుండగా నెట్ కేబుల్ పీకేయండి. అయిదు నిమిషాల తరువాత పెట్టండి. బిల్లు ఒక్కసారే చేరాలి. ఒకే బిల్లు రెండుసార్లు వస్తే ఈ-ఇన్వాయిస్ పోర్టల్ దానిని పట్టుకుంటుంది. ఎందుకంటే ఐఆర్‌ఎన్ అనేది అమ్మకందారు జీఎస్‌టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిసి ఏర్పడేది. మీ పద్దుల్లో అలాంటి కాపలా ఉండదు, దానిని అనుసంధాన సాఫ్ట్‌వేరే కాయాలి.

ఆ) కంప్యూటరును రోజంతా ఆపి, మర్నాడు తెరవండి. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్‌నూ, 2018 అక్టోబరులో శ్రీకాకుళం తీరాన్నీ గజపతి జిల్లానూ అతలాకుతలం చేసిన తిత్లీనీ చూసిన మనకు, రోజుల తరబడి కరెంటు లేకపోవడం ఊహించలేని విషయం కాదు. ఆగిన పత్రాలు వరుసలో నిలిచి, మొదట వచ్చినది మొదట వెళ్లాలి. కొన్ని సేవలు మూడు నాలుగుసార్లు ప్రయత్నించి, ఎవరికీ చెప్పకుండా ఆ పత్రాన్ని వదిలేస్తాయి. ఎన్నిసార్లు ప్రయత్నిస్తుందో, ఎన్ని రోజులు దాచుతుందో రాసివ్వమనండి.

ఇ) తప్పు జీఎస్‌టీ నంబరుతో ఒక బిల్లు పంపండి. దాని వెనుక ఉన్న మంచి బిల్లులు ఆగకూడదు. తప్పు ఏమిటో గుమస్తాకు అర్థమయ్యే మాటల్లో కనిపించాలి. అంకెల కోడ్ ఒక్కటే చూపిస్తే ప్రతిసారీ మీరు ఫోను చేయవలసి వస్తుంది.

ఈ) గత ఏడాది 1వ నంబరు బిల్లునూ, ఈ ఏడాది ఏప్రిల్ 1 తరువాతి 1వ నంబరు బిల్లునూ పంపండి. బిల్లు నంబరును మాత్రమే చూసి నకలును గుర్తించే సాఫ్ట్‌వేర్, కొత్త ఏడాది బిల్లులను పాతవనుకుని పారేస్తుంది. దీనిని మార్చి లోపల పట్టుకోకపోతే ఏప్రిల్ మొదటివారం అమ్మకాలు గల్లంతవుతాయి. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదనీ, ఈ-ఇన్వాయిస్‌లో సున్నాతో గాని గీతతో గాని మొదలుకాకూడదనీ గుర్తుంచుకోండి.

ఉ) పాత పన్ను రేటు మీద అమ్మిన సరుకు వాపసు వచ్చినట్లు చేయండి. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారినప్పుడు నెయ్యి వంటివి 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. అంతకుముందు అమ్మిన నెయ్యికి క్రెడిట్ నోటు ఇచ్చేటప్పుడు అసలు బిల్లులోని 12 శాతమే రావాలి. రేటును తేదీతో కలిపి దాచుకోని సాఫ్ట్‌వేర్ ఇక్కడ దొరికిపోతుంది.

ఊ) పైసలతో కూడిన పది వరుసల బిల్లు పంపండి. ఒకచోట వరుసవారీగా, మరొకచోట మొత్తం మీద సవరించడం వల్ల వచ్చే పైసల తేడా ఏ పద్దులోకి వెళ్తుందో చూడండి.

ఈ ఆరింటిలో మొదటి రెంటిలో ఏది తప్పినా ఇక ముందుకు వెళ్లవద్దు. మిగిలినవాటిని సరిచేసి ఇస్తామంటే, సరిచేసిన తరువాత మళ్లీ పరీక్షించి, అప్పుడే డబ్బు కట్టండి.

7. ధరను మీ లెక్కతో కట్టండి

చందా పట్టికలోని అంకె కన్నా, దేనిని ఒకటిగా లెక్కిస్తారన్నది ముఖ్యం. జాపియర్ పనిలో జరిగే ప్రతి చర్యనూ విడిగా లెక్కిస్తుంది; ఎన్8ఎన్ చందా పథకాల్లో పని మొదటి నుంచి చివరి దాకా నడిస్తే ఒకటి. మీ ఒక్కో బిల్లుకు ట్యాలీలో ఎక్కించడం, ఎస్ఎంఎస్ పంపడం, షీటులో రాయడం, ట్రాన్స్‌పోర్టుకు మెయిల్ చేయడం అని నాలుగు చర్యలుంటే, రోజుకు 100 బిల్లుల చొప్పున 26 పనిదినాలకు మొదటి పద్ధతిలో 10,400, రెండవ పద్ధతిలో 2,600 అవుతాయి. దసరా, దీపావళి నెలల లెక్కను విడిగా వేయండి. పరిమితి దాటితే పని ఆగిపోతుందా, అదనపు ధర పడుతుందా అడగండి.

ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌కు మీవంటి వ్యాపారుల పత్రాలు సాధారణంగా జీఎస్‌టీ సువిధా ప్రొవైడరు ద్వారా వెళ్తాయి. ఆ ప్రొవైడరు ఎవరు, వారి రుసుము చందాలో కలిసి ఉందా అన్నదీ, అమరిక ఖర్చు, ఏడాది నిర్వహణ ఖర్చు ఎంతన్నదీ ఒకే కాగితం మీద తీసుకోండి.

8. తాళాలు, ఒప్పందం

మీ జీఎస్‌టీ పోర్టల్ ప్రధాన పాస్‌వర్డును గాని, ఫోనుకు వచ్చే ఓటీపీని గాని ఎవరికీ ఇవ్వవద్దు. అనుసంధానానికి వేరే వాడుకరి పేరూ, పాస్‌వర్డూ పుట్టించే వీలు పోర్టల్‌లోనే ఉంది. సేవ మానేసిన రోజున దానిని మూసేస్తే సరిపోతుంది.

మీది కంపెనీగా నమోదై ఉంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రయిల్ తప్పనిసరి. అనుసంధానం చేసిన మార్పులు దాని పేరుతోనే నమోదు కావాలి; గుమస్తా పేరుతో నమోదైతే రేపు తప్పు ఎవరిదో తేలదు.

ఒప్పందంలో, సేవ ఆపేస్తే మీ వివరాలన్నీ ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో ఉండాలి. కంపెనీల పద్దులను ఎనిమిదేళ్లు భద్రపరచాలి కనుక "చందా ముగిసిన నెలకు చెరిపేస్తాం" అన్న షరతు ఉంటే ముందే నకలు తీసుకునే ఏర్పాటు చేసుకోండి. ఆదివారం సాయంత్రం లారీ లోడై నిలబడినప్పుడు ఫోను ఎత్తేది ఎవరు, తెలుగులో గాని ఒడియాలో గాని మాట్లాడగలరా అన్నదీ కాగితం మీదకు రావాలి. నా మటుకు నేను, నాలుగు సదుపాయాలు తక్కువైనా ఫోను ఎత్తేవారినే ఎంచుకుంటాను.

9. ఒక నెల రెండూ నడపండి

కొన్న వెంటనే పాత పద్ధతి ఆపకండి. ఒక పూర్తి నెల గుమస్తా తన పని తాను చేస్తూ ఉండాలి, సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీలో తన పని చేయాలి. ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లులు మాత్రం ఆ నెలంతా ఒకే దారిలో వెళ్లాలి, లేకపోతే నకళ్ల గొడవ. నెలాఖరు, నెల మొదలు రెండూ వచ్చేలా 20వ తేదీన ప్రారంభించి మరుసటి నెల 20న ముగిస్తే మంచిది.

రోజూ దుకాణం మూసే ముందు రెండు పక్కలా అయిదు అంకెలు రాసి పోల్చండి: బిల్లుల సంఖ్య, పన్నుకు ముందు మొత్తం, సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ, ఐజీఎస్‌టీ. మొత్తం కలిసి, పన్ను పద్దులు కలవకపోతే సరఫరా స్థలం తప్పింది. సంఖ్య కలిసి, మొత్తం తేడాగా ఉంటే సవరింపుల్లో గాని, డిస్కౌంటులో గాని చూడండి. సంఖ్యే తేడాగా ఉంటే ఆగిపోయిన పత్రాల వరుసను తెరవండి. వారానికొకసారి ఏవైనా పది సరుకుల నిల్వను గోదాములో చేత్తో లెక్కపెట్టి తెర మీది అంకెతో పోల్చండి. అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1ను నెలనెలా దాఖలు చేసేవారికి గడువు 11వ తేదీ కనుక, 8 నాటికే దాని ముసాయిదాను రెండు పద్దులతోనూ సరిచూడండి.

వరుసగా పదిహేను రోజులు అయిదంకెలూ కలిసిన తరువాతే గుమస్తా రెండోసారి కొట్టడం ఆపవచ్చు. ఆ సాయంత్రపు పోలికను మాత్రం ఆ తరువాత కూడా కొనసాగించండి. దానికి పట్టేది పది నిమిషాలే, బిల్లులు ఎక్కడైనా ఆగితే అదే రోజు తెలుస్తుంది.